పాత సీపీయూకి ర్యామ్ కొనేముందు

అల్లుడూ,

శ్రీకాకుళంలో షాపు తెరిచావు కదా, నీ బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా పాత సీపీయూలే. "స్లోగా ఉంది, జీబీ పెంచు బాబూ" అంటారు. వాళ్ళ తొందర చూసి విశాఖకి ఆర్డరు పెట్టేయకు. ముందు మూత తీసి బోర్డు మోడల్ చదువు.

ర్యామ్ స్టిక్‌కి 168 పిన్నులు, రెండు గాట్లు ఉంటే ఎస్‌డీర్యామ్ అనే పాత రకం. 184 పిన్నులు, ఒకటే గాటు ఉంటే డీడీఆర్. డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే, పొడవూ ఒకటే. వోల్టులు మాత్రం 1.8, 1.5. గాటు జరిగి ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్లో మరొకటి దిగదు. దిగకపోతే బలం చూపించకు, స్లాటు విరుగుతుంది.

అసలు దెబ్బతినేది ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ర్యామ్‌ని నడిపే చిప్పు) ఉన్న బోర్డు దగ్గర. డీడీఆర్3 రకం బోర్డే, స్టిక్ చక్కగా కూర్చుంటుంది, అయినా డిస్‌ప్లే రాదు. ఎందుకంటే ఆ చిప్‌సెట్ స్టిక్ మీది ఒక్కో ర్యామ్ చిప్పులో 2 గిగాబిట్ల (అంటే పావు జీబీ) దాకానే చూడగలదు. 4 జీబీ స్టిక్‌కి రెండు వైపులా కలిపి 16 చిప్పులుంటే పనిచేస్తుంది. 8 చిప్పులతోనే 4 జీబీ అయితే ఒక్కోటి 4 గిగాబిట్లు, దాని వల్ల కాదు. అమ్మేవాడు "డీడీఆర్3 ఏదైనా ఒకటే" అంటాడు. నువ్వు చిప్పులు లెక్కపెట్టాకే డబ్బులియ్యి. డీడీఆర్2, డీడీఆర్3 స్లాట్లు రెండూ ఉన్న బోర్డులో ఏదో ఒక రకమే వాడు. జీ31 అయితే 4 జీబీ దాటదు, అక్కడితో ఆపు.

నాలుగో తరం ఇంటెల్ కోర్ ల్యాప్‌టాప్‌కి పీసీ3ఎల్ అని రాసిన 1.35 వోల్టుల స్టిక్కే తీసుకో.

"ర్యామ్ పోయింది" అని తెచ్చినవాటిలో చాలావాటికి పిన్నుల మీద మసే జబ్బు. మన సముద్రపు గాలికి, వానాకాలానికి అది మామూలే. కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని స్టిక్ తియ్యి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులుపు. స్లాట్లోకి బ్రష్షే, నోటితో ఊదకు, తుంపర పడుతుంది. అప్పటికీ ఆన్ చేయగానే బీప్ వస్తే స్టిక్కులు ఒక్కోటీ విడిగా పెట్టి చూడు. సిస్టం లేచిన స్టిక్‌ని రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) ఉంచు, ఒక్క ఎర్ర గీత వచ్చినా పక్కన పడేయ్.

32 బిట్ విండోస్‌లో 4 జీబీ పెట్టినా వాడుకోడానికి దొరికేది మూడున్నర లోపే. బిల్లు రాయకముందే ఆ మాట చెప్పు, లేకపోతే సగం ర్యామ్ కొట్టేశావని మర్నాడు గుమ్మంలో నిలబడతారు.

మీ మావయ్య,
విజయనగరం