వీసీ కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. పాడి ఆవుల మీద ఆధారపడి బతుకుతున్నాం. మా అమ్మాయి తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. స్నాతకోత్సవం చూసినప్పటి నుంచి తాను వైస్ ఛాన్సలర్ అవుతానంటోంది. అది పలుకుబడి ఉన్నవాళ్లకే వచ్చే పదవి, గ్రూప్-1 రాయించమని బంధువులు అంటున్నారు. వీసీ కావడానికి ఏ పరీక్ష రాయాలి? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ పదవికి ప్రవేశ పరీక్ష లేదు, దానికంటూ ప్రత్యేకమైన కోర్సూ లేదు. ఏళ్ల తరబడి పాఠం చెప్పి, పరిశోధన చేసి, సంస్థ బాధ్యతలు మోసిన మనిషి మీద నమ్మకం కుదిరినప్పుడు వచ్చే పదవి అది. కాబట్టి మీ అమ్మాయి ఇప్పుడు నిర్ణయించుకోవలసింది విశ్వవిద్యాలయ అధ్యాపకురాలిగా జీవితం గడపడం తనకు ఇష్టమా కాదా అన్నది. వీసీ పదవి రాకపోయినా ఆ జీవితం తృప్తినిస్తుందనుకుంటేనే ఈ దారిలో అడుగు పెట్టాలి.

విశ్వవిద్యాలయాలకు ప్రమాణాలు నిర్దేశించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వీసీగా నియమితులయ్యేవారికి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవమో, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలో పదేళ్ల అనుభవమో ఉండాలి. ప్రొఫెసర్ కావడానికే పీహెచ్‌డీతో పాటు ఏళ్ల తరబడి బోధన, పరిశోధన పత్రాలు అవసరం. లెక్క వేసుకుంటే, ఇరవై ఎనిమిదో ఏట అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన అమ్మాయికి యాభై దాటిన తరువాతే ఈ ప్రస్తావన వస్తుంది. పరిశ్రమ, ప్రభుత్వ విధాన రంగాల అనుభవజ్ఞులకూ అవకాశం ఇవ్వాలని 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా విడుదల చేసింది. మీ అమ్మాయి ఆ వయసుకు వచ్చేసరికి నిబంధనలు ఇంకెన్ని సార్లు మారతాయో గనుక, దాని గురించి ఇప్పుడు ఆలోచించనవసరం లేదు.

పలుకుబడి మాట మీరు అడిగారు గనుక దాచకుండా చెబుతాను. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నర్ ఛాన్సలర్‌గా ఉంటారు. ప్రభుత్వం, యూజీసీ, విశ్వవిద్యాలయ పాలకమండలి తరఫున ఒక్కొక్కరు ఉండే సెర్చ్ కమిటీ దరఖాస్తులు పరిశీలించి కొన్ని పేర్లు సూచిస్తే, వాటిలోంచి ఒకరిని మూడేళ్లకు నియమిస్తారు. ఆ చివరి ఎంపికలో రాజకీయ ఇష్టాయిష్టాల ప్రభావం ఉంటుందన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది, అది నిరాధారమని నేను అనను. కానీ జాబితాలోకి పేరు ఎక్కాలంటే ముందు ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలోనో పదేళ్లు నిలబడి ఉండాలి. అంతవరకూ తీసుకెళ్లేది చదువే.

ఈ సందర్భంలో మీ ఊరి మనిషినే గుర్తు చేస్తాను. చిత్తూరులోని కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివి, మైసూరులో అధ్యాపకుడిగా, ఆ తరువాత ఆ సంస్థానపు విద్యాశాఖాధిపతిగా పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే నేటి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, తొలి ఉపాధ్యక్షులు (వీసీ) అయ్యారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో ఆ పదవికి రాజీనామా చేశారు. ఆయన తరువాత 1931లో ఆ స్థానంలోకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చిన్నతనంలో తిరుపతిలో చదువుకున్నవారు. 1936లో రెడ్డి గారు మళ్లీ అదే పదవికి వచ్చి 1949 వరకు కొనసాగారు. ఆయన పదవి వదులుకోగలిగింది, అది లేకపోయినా తనకు పండితుడిగా, అధ్యాపకుడిగా స్థానం ఉన్నందువల్లనే అని నేను నమ్ముతాను. మీ అమ్మాయికి ఈ కథ మీరే చెప్పండి.

మీ అమ్మాయి స్నాతకోత్సవ వేదిక మీద చూసినది వీసీ ఏడాదిలో ఒక్క రోజు చేసే పని. మిగతా రోజుల్లో జీతాలకు, పింఛన్లకు నిధులు సర్దాలి. ఖాళీలు భర్తీ కాక ఒప్పంద అధ్యాపకులతో నడుస్తున్న విభాగాలను నిలబెట్టాలి. పరీక్షలు సమయానికి జరిగి ఫలితాలు వచ్చేలా చూడాలి. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వస్తే సమాధానం చెప్పాలి. అర్ధరాత్రి హాస్టల్లో నీళ్లు రాలేదని పిల్లలు రోడ్డెక్కితే వెళ్లి మాట్లాడాలి. ఈ పనులు ఎవరూ తరగతిలో నేర్పరు. విభాగాధిపతిగా, హాస్టల్ వార్డెన్‌గా, పరీక్షల నియంత్రణాధికారిగా, డీన్‌గా, రిజిస్ట్రార్‌గా చేసినవారికి చేతికొస్తాయి. చాలామంది మంచి పరిశోధకులు ఈ బాధ్యతలను పరిశోధనకు అడ్డమని వద్దంటారు. అందులో తప్పేమీ లేదు. మీ అమ్మాయికి మాత్రం వీటిమీద నిజంగా ఆసక్తి ఉంటే, వార్డెన్ పని వచ్చిన రోజున తప్పించుకోకూడదు.

గ్రూప్-1 గురించి ఒక మాట. అది మంచి ఉద్యోగమే, కానీ విశ్వవిద్యాలయాన్ని నడపాలన్న కోరికకు అది దగ్గరి దారి కాదు. వీసీ పదవి ఖాళీగా ఉన్నప్పుడు ఐఏఎస్ అధికారులకు తాత్కాలికంగా బాధ్యతలు అప్పగించిన సందర్భాలు ఉన్నాయి, వాటిని చూసి పూర్తి కాలపు నియామకాన్ని ఊహించుకోకూడదు.

ఇంటి పరిస్థితి దృష్ట్యా మీకు ముఖ్యమైన సంగతి ఇది. సైన్సు విద్యార్థులు రాసే జాతీయ అర్హత పరీక్ష సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ కాలంలో నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం అందుతుంది. రెండేళ్ల తరువాత అది 42,000 అవుతుంది. ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు. అంటే ఈ చదువు మీ మీద భారం కానక్కరలేదు. జేఆర్ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో చేరడాన్ని మాత్రం మీ ఇంటికి నేను సిఫారసు చేయను. శాశ్వత పోస్టులు రాష్ట్రంలో ఏళ్ల తరబడి భర్తీ కాకపోవచ్చు గనుక, పీహెచ్‌డీకి తిరుపతిలోనే ఉన్న ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధనల కేంద్ర సంస్థ)లతో పాటు బయటి రాష్ట్రాల కేంద్రీయ విశ్వవిద్యాలయాలకూ దరఖాస్తు పెట్టమనండి. దూరం పంపడానికి మీరు ఒప్పుకోవడమే ఇందులో మీ వంతు పని. నెట్ ప్రకటన వచ్చేలోపు ఆమె తన ప్రాజెక్టు గైడ్‌ను కలిసి, గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలతో సాధన మొదలుపెట్టాలి.