బ్రష్ చూస్తేనే చెవులు మూసుకుంటున్నాడు.. పళ్లు తోమేదెలా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఆటిజం ఉంది. బ్రష్ చూస్తేనే చెవులు మూసుకుని అరుస్తాడు. వాళ్ల నాన్న చేతులు పట్టుకుంటే నేను ఎలాగోలా తోముతున్నాను. పేస్ట్ నాలుకకు తగిలితే ఓకరిస్తాడు. అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగడు. ఈమధ్య ముందు పళ్ల మీద తెల్లటి గీత కనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ తెల్లటి గీత సంగతి. చిగురు అంచు వెంట సుద్ద పూసినట్టు ఉంటే అది పుచ్చుకు తొలిదశ కావచ్చు. ఇంకా గుంట పడకపోతే ఫ్లోరైడ్ వార్నిష్‌తో, అంటే దంతవైద్యులు పళ్లకు పూసే పూతతో, ఆపే వీలుంటుంది. ఈ వారంలోనే పిల్లల దంతవైద్యులకు చూపించండి. ఇంకో కారణం కూడా ఉంది. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక మొదటి శాశ్వత దవడ పళ్లు వస్తుంటాయి. అక్కడ చిగురు వాచి ఉంటే ఏ పిల్లాడూ బ్రష్ పెట్టనివ్వడు. నొప్పి అని చెప్పలేని పిల్లాడు అరిచే చెబుతాడు.

నోట్లో నొప్పి లేదని తేలాక, వాడికి ఏది గిట్టడం లేదో పట్టుకోవాలి. చెవులు మూసుకుంటున్నాడంటే నాకు ముందు శబ్దం మీదే అనుమానం. కుళాయి చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత బాత్రూం గోడలకు తగిలి రెట్టింపవుతాయి. హాల్లో తోమి చూడండి, ఉమ్మడానికి ఒక గిన్నె చాలు. ఓకరింపుకు మాత్రం చాలావరకు పుదీనా ఘాటు, నురగే కారణం. మనకు చల్లగా అనిపించే ఆ రుచి కొందరు పిల్లలకు మిరపకాయ కొరికినట్టు మండుతుంది. ఏ రుచీ లేని, ఎస్‌ఎల్‌ఎస్ అనే నురగ తెప్పించే రసాయనం కలపని పేస్ట్ అడగండి, దానికి నురగ పెద్దగా రాదు. ఫ్లోరైడ్ మాత్రం కనీసం 1000 పీపీఎం ఉండాలి. పిల్లల పేస్ట్ అని అమ్మేవాటిలో అసలు ఫ్లోరైడ్ లేనివీ ఉంటాయి, ట్యూబు వెనక చదివి కొనండి. ఉమ్మడం వస్తే బఠానీ గింజంత, రాకపోతే బియ్యపుగింజంత చాలు. దాన్ని బ్రిసిల్స్ లోపలికి వేలితో నొక్కేస్తే ముద్ద నాలుక మీద పడదు.

గది, పేస్ట్, బ్రష్ అన్నీ ఒకేరోజు మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు, పైగా అన్ని కొత్తలు ఒక్కసారిగా మీద పడితే వాడు ఇంకా బెదురుతాడు.

చేతులు పట్టుకుని తోమడం ఆపండి. ఆ పూటకు పళ్లు శుభ్రమవుతాయి, మర్నాడు అరుపు ఇంకాస్త ముందే మొదలవుతుంది. దానికి బదులు వాడి వెనక కూర్చుని, తల మీ ఛాతీకి ఆనించుకోండి. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. తల వెనక్కి వాల్చితే ఉమ్మి గొంతులోకి జారి మళ్లీ ఓకరింపే. భుజాలను, తర్వాత దవడను అరచేతులతో కాసేపు నిదానంగా అదమండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. సుతారంగా తాకితే ఊరుకుంటాడనుకుంటారు, నిజానికి ఇలాంటి పిల్లల్లో చాలామందికి చక్కిలిగింతలాంటి ఆ తాకిడే చిరాకు. గట్టిగా, నిలకడగా తాకితే ఓర్చుకుంటారు.

మొదటి రోజుల్లో పేస్ట్ లేకుండా తడి బ్రష్ పెదవులకు ఆనించి, ఐదు లెక్కపెట్టి తీసేయండి. ఐదు అన్నాక ఇంకొక్కసారి అని కక్కుర్తి పడితే ఆ లెక్కను వాడు ఇక నమ్మడు. అది కుదిరాక బుగ్గ వైపు దవడ పళ్లు, తర్వాత నమిలే వైపు, చివరికి నాలుక వైపు. పై పెదవి లోపల మధ్యలో ఉండే సన్నటి తీగకు బ్రష్ గట్టు తగిలితే చాలా నొప్పి. పెదవి ఎత్తి దాని మీద మీ వేలు అడ్డం పెట్టి తోమండి. బ్రష్ తల చిన్నది, మెత్తనిది కావాలి. మూడు వైపులా బ్రిసిల్స్ ఉండేది దొరికితే పని త్వరగా అవుతుంది. ఎలక్ట్రిక్ బ్రష్ కదులుడు కొందరికి ఇష్టం, కొందరికి హడల్. ముందు వాడి అరచేతి మీద ఆడించి చూడండి.

ఈలోపు పుచ్చు ఆగదు కదా! అందుకే రాత్రి పూట తోమడం మాత్రం వదలకండి, నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పాచికి అదే అదను. బ్రష్ కుదరని రాత్రి వేలికి శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి, బియ్యపుగింజంత పేస్ట్ పళ్లకు రాయండి. వేలు బుగ్గ వైపు నుంచే పోనివ్వండి, పళ్ల మధ్య పెడితే కరుస్తాడు. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప పాలు కూడా వద్దు. బుగ్గన మిగిలిన మెతుకులను ప్రతి భోజనం తర్వాత అదే గుడ్డతో తీసేయండి. మందు సిరప్‌లు వాడుతుంటే చక్కెర లేనివి ఉన్నాయేమో మీ డాక్టర్ని అడగండి. తోమించుకున్నందుకు చాక్లెట్ ఇవ్వడం మాత్రం వద్దు.

గోళ్లు తీయడం, జుట్టు కత్తిరించడం కూడా ఇంతే గొడవైతే ఇలాంటి రోజువారీ పనులకు పిల్లలను అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టు అవసరం. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే కేంద్రం) అడగండి. దంతవైద్యుల దగ్గరకు వెళ్లే ముందు ఫోన్ చేసి ఆటిజం సంగతి చెప్పి, రద్దీ లేని మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. చిగురు మీద చీము పొక్కు, దవడ వాపు, జ్వరం కనిపిస్తే మాత్రం ఆరోజే చూపించాలి.