అలల కరెంటు స్టార్టప్‌కు ప్రభుత్వ సాయం నమ్ముకోవచ్చా?

మీ తమ్ముడు బీటెక్ అవగానే అలల నుంచి కరెంటు తీసే కంపెనీ పెడతానంటున్నాడు, సర్కారు సాయం ఉంటుందా అని అడిగారు. చెన్నై అంబత్తూరులో, సముద్రంలో వాడే పరికరాలకు ఇనప పని చేసే వర్క్‌షాప్‌లో ఉంటాను కాబట్టి నేను చూసినంతలో చెబుతాను.

కాగితం మీద సాయం ఉంది. 2019లో కేంద్రం సముద్ర శక్తిని కూడా పునరుత్పాదక ఇంధనంగా లెక్కేసింది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తప్పనిసరిగా కొనాల్సిన కోటాలోకి అదీ వస్తుంది. కానీ అమ్మడానికి కరెంటంటూ ఉంటే కదా! 2022 నవంబరులో ఐఐటీ మద్రాస్ వాళ్లు తూత్తుకుడి దగ్గర, ఒడ్డుకు 6 కిలోమీటర్ల దూరంలో దించిన సింధుజ-1 అనే అలల యంత్రం ఇచ్చింది 100 వాట్లు. వెక్కిరించడం లేదు, ఈ రంగం ఇంకా అక్కడే ఉందని చెబుతున్నానంతే.

అసలు చిక్కు డబ్బు దేనికిస్తారన్న దగ్గర. తయారీకి గ్రాంటు వస్తుంది, దించిన రోజు పేపర్లో ఫొటో వస్తుంది. ఖర్చు మొదలయ్యేది ఆ తర్వాతే. మేం చేసిన ఒక బోయాను (గొలుసుతో కట్టి నీళ్ల మీద తేలనిచ్చే డబ్బా లాంటిది) ఈశాన్య రుతుపవనాలు దాటాక పైకి తీస్తే, గొలుసు కనబడకుండా గుల్లలు పట్టేశాయి. గొలుసును బిగించే షేకిల్ కొక్కెం పిన్ను ఒకవైపు సగానికి అరిగిపోయింది. కనెక్టర్ విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. మళ్లీ దించాలంటే పడవ, డైవర్లు కావాలి. ప్రాజెక్టు గడువేమో అయిపోయింది. పడవ అద్దె ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియక అది మా షెడ్డు వెనకే పడి ఉంది. మా చివరి బిల్లు సంగతి అడక్కండి.

కేరళలోని విళింజంలో 1991లోనే 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు. అలలకు గదిలో నీళ్లు లేచి పడుతుంటే, లోపలి గాలి ఒత్తిడికి టర్బైన్ తిరిగేది. తర్వాత దాంతో ఉప్పునీటిని మంచినీరు చేసే ప్రయోగమూ జరిగింది. ఇప్పుడది మూతపడింది.

స్కాట్లండ్‌లో 2014లో అలల యంత్రాలు చేసే పెలమిస్ కంపెనీ దివాలా తీశాక, ప్రభుత్వమే వేవ్ ఎనర్జీ స్కాట్లండ్ అనే సంస్థ పెట్టింది. దశలవారీ పోటీ, నెగ్గినవాళ్లకే తర్వాతి విడత డబ్బు. ఆర్క్నీ దీవుల్లోని పరీక్షా కేంద్రంలో సముద్రం అడుగున కేబుల్ ముందే వేసి ఉంటుంది, యంత్రం తెచ్చి తగిలించుకోవడమే. మన అలలకు అక్కడంత జోరు లేదు, నిజమే. అయినా నన్నడిగితే యూనిట్‌కు ఇంతని సబ్సిడీ ఇచ్చే కంటే, తమిళనాడు తీరంలో అలాంటి చోటొకటి, అనుమతులతో సహా సిద్ధం చేసి పెట్టడం మేలు.

తమ్ముడిని గ్రిడ్‌కు అమ్మే ఆలోచన ఇప్పట్లో పెట్టుకోవద్దనండి. ఎన్నూరులోని కామరాజర్ పోర్టులో ఎన్ఐఓటీ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు ఓడలకు దారిచూపే, అలలతో పనిచేసే బోయా పెట్టారు. అలాంటి చిన్న అవసరాలు, డీజిల్ ఓడలో రావాల్సిన దీవులు చూసుకోమనండి. గ్రాంటుకు రాసేటప్పుడు పడవ అద్దె, డైవర్ల కూలీ, రెండో ఏడాది రిపేర్లు మొదటి బడ్జెట్‌లోనే పెట్టించండి. మధ్యలో అడిగితే ఫైలు కదలదు.