పేరులో ఉన్న మర బొమ్మలో ఎక్కడ?

ప్రశ్న: జాన్ కాన్‌స్టేబుల్ గీసిన ‘ఫ్లాట్‌ఫర్డ్ మిల్’ చిత్రం ప్రింటు మా ఇంటి గోడ మీద చాలా కాలంగా ఉంది. పేరులో మర ఉంది గాని, నీటిచక్రం ఎంత వెతికినా కనిపించదు. ముందు భాగమంతా పడవలు, గుర్రం, కుర్రవాళ్లే ఉన్నారు. చిత్రకారుడు మరను అంత వెనక్కి ఎందుకు నెట్టాడు? ఆ మర చరిత్ర ఏమిటి?

జవాబు: మీకు లోటుగా తోచినదే ఈ చిత్రానికి ప్రాణం. 1817లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించినప్పుడు దీని పేరు ‘పడవలు నడిచే నది మీద ఒక దృశ్యం’ అనే అర్థం వచ్చేలా ఉండేది. అంటే కాన్‌స్టేబుల్ చూపదలచుకున్నది మర కట్టడాన్ని కాదు, ఆ మరను బతికించిన నదిని, దాని మీద జరిగే పనిని.

ఆయన మర యజమాని కొడుకు. 1776లో ఇంగ్లండ్‌లోని సఫక్ ప్రాంతంలో, ఈస్ట్ బర్గోల్ట్ గ్రామంలో పుట్టాడు. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్ ధాన్యం వ్యాపారి. స్టూర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్, డెడమ్ మరలు ఆయన చేతిలో ఉండేవి. పూర్తిగా బొమ్మల వైపు మళ్లక ముందు కొడుకు కూడా కొంతకాలం ఆ వ్యాపారంలోనే పనిచేశాడు. పడవలు నడవడానికి అనువుగా స్టూర్ నదిని బాగుచేయడానికి 1705లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ తరువాత నది పొడవునా లాకులు వెలిశాయి. మరలో ఆడిన గోధుమపిండి పడవల్లో మిస్ట్లీ రేవుకు, అక్కడి నుంచి సముద్రం మీదుగా లండన్‌కు వెళ్లేది. తిరుగు ప్రయాణంలో బొగ్గు వచ్చేది. ఆ పడవలను కట్టే చోటు కూడా మర దగ్గరే ఉండేది. 1815లో ఆయన ప్రదర్శించిన మరో చిత్రంలో గట్టు పక్కన తవ్విన గుంటలో సగం కట్టిన పడవ కనిపిస్తుంది.

ఇక మీ గోడ మీది బొమ్మను దగ్గరగా చూడండి. గట్టు మీద గుర్రం ఆగి ఉంది, దాని మీద ఒక కుర్రవాడు కూర్చున్నాడు, ఇంకొకడు లాగుడు తాడు విప్పుతున్నాడు. ముందున్న ఫ్లాట్‌ఫర్డ్ వంతెన కింద నుంచి గుర్రంతో పడవను లాగడం కుదరదు. అందుకే తాడు విప్పి, గెడ వేసి పడవను దాటించాలి. ఆ వంతెన కర్రలు కొన్ని చిత్రం అంచున కనిపిస్తాయి. దూరాన ఉన్న లాకును, దాని పక్కన ఎర్ర ఇటుక మరను చూశాక, ఇది అందం కోసం అమర్చిన దృశ్యం కాదనీ, పని తెలిసినవాడు పనివేళను గీశాడనీ నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. నాచు పట్టిన చక్రాన్ని, కూలిన గోడను గీసి చూసేవారి జాలిని సంపాదించడం తేలిక; ఆయన ఆ దారి పట్టలేదు. మర గట్టు నుంచి దూకే నీటి చప్పుడన్నా, పుచ్చిన పాత పలకలన్నా తనకు ప్రాణమని 1821లో మిత్రుడు ఫిషర్‌కు రాసిన జాబులో చెప్పుకున్న మనిషే, ఇక్కడ మాత్రం ఆడుతున్న మరనే చూపాడు.

ఈ చిత్రం మొదలైన 1816లోనే తండ్రి కన్నుమూశాడు; వ్యాపార భారం తమ్ముడు ఏబ్రమ్ మీద పడింది. కాన్‌స్టేబుల్ బతికి ఉండగా చిత్రం అమ్ముడుపోలేదు. కుటుంబం దగ్గరే ఉండి, 1888లో ఆయన సంతానం కానుకగా జాతి పరమైంది. ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ కళా మ్యూజియం సంగ్రహంలో ఉంది. మర విషయానికొస్తే, రైళ్లు, ఆవిరి మరలు వచ్చాక నది మీది ఇలాంటి వ్యాపారమంతా సన్నగిల్లింది. 1943లో ఆ కట్టడం, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికి వచ్చింది. కొద్ది సంవత్సరాలకే ప్రకృతి అధ్యయన తరగతులకు బసగా మారింది.

ప్రశ్న: ఆయన ‘హే వెయిన్’ (గడ్డిబండి) చిత్రంలో కూడా ఈ మర ఉందా?

జవాబు: ఉందనే చెప్పాలి, కాకపోతే కంటికి కనబడదు. 1821 నాటి ఆ చిత్రంలో బండి దిగిన నీళ్లు ఈ మర పక్కవే. ఎడమవైపు ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది. చిత్రకారుడు చూస్తున్న చోటు మర ముంగిలి.

మొదటి పాఠకురాలికి మరొక్క మాట. మీ ప్రింటు స్పష్టంగా ఉంటే, ముందు భాగంలోని మట్టి నేల మీద వెతకండి. పుల్లతో గీకినట్టుగా ఆయన సంతకం కనిపిస్తుంది.