ఇద్దరు తల్లులు: ముందు వీలునామా రాయించండి

ఇద్దరం ఆడవాళ్ళం, విజయవాడలో కలిసి ఉంటున్నాం, పిల్లల కోసం ఇక్కడే చికిత్స చేయించుకోవాలా, లండన్‌లో బిడ్డని కన్నట్టయితే ఇద్దరికీ తల్లి హక్కు వస్తుందా అని కదా మీ ప్రశ్న. మేమూ ఇద్దరు ఆడవాళ్ళమే, గుంటూరులో కలిసి ఉంటాం. పాపని నేను కన్నాను, ఇప్పుడు నర్సరీ.

ఇక్కడ చేయించుకోవచ్చు, కానీ జంటగా కుదరదు. 2021 ఏఆర్‌టీ చట్టం, అంటే సంతాన సాఫల్య చికిత్సల చట్టం లెక్కలో జంటంటే పెళ్ళయిన ఆడా మగా. అదే చట్టం ఒంటరి మహిళకి మాత్రం 50 ఏళ్ళ వరకూ వీలిచ్చింది. మేం మొదట వెళ్ళినచోట "భర్త సంతకం లేకుండా కుదరదమ్మా" అని రిసెప్షన్ నుంచే పంపేశారు. రెండోచోట డాక్టరమ్మకి చట్టం తెలుసు, నా ఒక్కదాని పేరు మీదే ఫైలు తెరిచారు. దాత ఎవరో చెప్పరు, ఆయనకి బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. సరోగసీ (అద్దె గర్భం) ఆశ మాత్రం వద్దు.

జనన నమోదు దగ్గర తండ్రి గడి ఖాళీగా ఉంచమంటే గుమాస్తా పెన్ను కింద పెట్టి మా ఇద్దరి మొహాలూ చూశాడు. పెళ్ళికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ చేతిలో పెట్టాం. లోపలికెళ్ళి ఎవర్నో అడిగొచ్చి, రాసిచ్చాడు. పాస్‌పోర్టుకీ ఒక్క తల్లి పేరు చాలు.

ఇక లండన్ సంగతి. బ్రిటన్‌లో 2009 ఏప్రిల్ నుంచి, చికిత్స నాటికే చట్టబద్ధంగా ఒకటైన జంటయితే, బిడ్డని కనని ఆవిడ కూడా పేరెంటే, జనన పత్రంలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. అయితే గన్నవరంలో దిగాక ఆ రెండో పేరుకి దన్నుగా నిలిచే చట్టం ఇక్కడ లేదు. మన పెళ్ళిళ్ళకి గుర్తింపు ఇవ్వలేమని, జంటగా దత్తత కూడా కుదరదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇది మన ఒక్కళ్ళ గోలే కాదు లెండి. స్పెయిన్ ఇచ్చిన ఇద్దరు తల్లుల జనన పత్రాన్ని బల్గేరియా ఒప్పుకోకపోతే వ్యవహారం యూరప్ కోర్టు దాకా వెళ్ళింది. ఆ బిడ్డకి గుర్తింపు కార్డో పాస్‌పోర్టో ఇచ్చి తీరాలని 2021 డిసెంబరులో కోర్టు చెప్పింది. ఇటలీలో రెండో తల్లి పేరు తీసేయించడానికి 2023లో కేసులు వేశారు, 2025లో అక్కడి రాజ్యాంగ కోర్టు రెండో తల్లి పక్షాన నిలబడింది. కాబట్టి అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉంటే సరే, కాగితం కోసమే అంత ఖర్చు దండగ అంటాను.

మీరు ఎక్కడ కన్నా, బిడ్డని కనని ఆవిడ గురించే ముందు ఆలోచించండి. పాపకి జ్వరమొచ్చి ఆస్పత్రికి పరిగెడితే "మీరేమవుతారమ్మా" అంటారు, నాతో ఉండే ఆవిడ "పిన్నిని" అంటుంది. స్కూల్లో లోకల్ గార్డియన్‌గా రాయించాం. నాకేమన్నా అయితే పాపని అన్నయ్య దగ్గరే ఉంచాలని మావాళ్ళు అప్పుడే లెక్కలేసుకున్నారు, నేనింకా నిక్షేపంగా ఉండగానే! అందుకే వీలునామా రాయించాను. హిందువులైతే, పెళ్ళి కాకుండా కన్న బిడ్డకి తల్లి వీలునామాలో గార్డియన్‌ని పెట్టొచ్చని 1956 గార్డియన్‌షిప్ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. దానికి ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. సాక్షుల్లో ఒకరు మీ పుట్టింటి మనిషే అయితే రేపు గొడవ తక్కువ.