మెనిస్కస్ చిరిగిందంటే మోకాలికి కీహోల్ ఆపరేషన్ చేయించాలా?

మీ అమ్మగారికి 58 ఏళ్లు, దెబ్బేమీ తగల్లేదు, ఎమ్మారైలో మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మృదులాస్థి) చిరిగిందని వచ్చింది, కీహోల్ ఆపరేషన్‌కి, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసేదానికి, తేదీ కూడా ఇచ్చారన్నారు. ఇంతే అయితే ఆ తేదీ వాయిదా వేయించండి.

సరిగ్గా ఇలాంటి చిరుగుల మీదే ఫిన్లాండ్‌లో ఉత్తుత్తి ఆపరేషన్ పెట్టి పోల్చారు. 35–65 ఏళ్ల వాళ్లు 146 మంది, ఫలితాలు 2013లో వచ్చాయి. ముందు అందరికీ మోకాల్లోకి కెమెరా పెట్టి చూశారు. థియేటర్లోనే చీటీ తేల్చినట్టు కొందరికి చిరిగిన ముక్క కత్తిరించారు, మిగతావాళ్లకు నటించారు. పరికరాలు అడిగి తీసుకోవడం, కాలు వంచడం, సక్షన్ మోత, చిరిగిన ముక్కని చెక్కే షేవర్‌ని బ్లేడు లేకుండా మోకాలి చిప్ప మీద నొక్కడం, అన్నీ చేశారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాలకూ నొప్పి తగ్గింది, ఇంచుమించు ఒకేలా. ఈ 146 మందికి కీళ్ల అరుగుదల లేదు. అరుగుదల ఉన్నవాళ్ల సంగతి 2002లోనే హ్యూస్టన్‌లో తేలింది: చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టినవాళ్లకీ, లోపల కడిగి శుభ్రం చేసినవాళ్లకీ రెండేళ్లకు తేడా లేదు.

‘మా పిన్నికి తగ్గిందిగా’ అనేవాళ్లది అబద్ధం కాదు. నొప్పి ఎక్కువా తక్కువా అవుతుంటుంది. భరించలేనప్పుడే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాం, ఆ తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది. పైగా ఆ చిరుగే నొప్పికి కారణమని నమ్మకం లేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 దాటిన 991 మందికి ఎమ్మారై తీస్తే, చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతానికి ముందు నెలలో నొప్పి గానీ పట్టేయడం గానీ లేదు.

బదులుగా 12 వారాలు వ్యాయామం, వారానికి రెండు మూడు సార్లు. నార్వేలో 140 మందిలో దీన్ని ఆపరేషన్‌తో పోలిస్తే రెండేళ్లకు సమానంగా తేలింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, మూడు విడతలు. తేలికైపోతే మెట్టు ఎక్కి దిగడం, చీలమండకు బరువు కట్టి కాలు చాపడం. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే: రెండు వారాలు కాలు ఊపి ‘పనిచేయలేదు’ అని మానేస్తారు, బరువు పెంచరు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాడు వాపొస్తే తగ్గించాలి.

కాలు ఇరుక్కుపోయి చాపలేకపోతున్నా, ఆటలో మెలిపడి చిరిగిన కుర్రవాళ్లయినా లెక్క వేరు. జ్వరంతో మోకాలు వాచి ఎర్రబడితే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.