నాన్న వచ్చేలోపు ఆ ఒక్క గది సిద్ధం చెయ్యి

చిట్టితల్లీ,

నువ్వు కాలిఫోర్నియాలోనే, ఫోల్సమ్‌లో ఇల్లు కొన్నావని, ఆగస్టులో మీ నాన్నను తీసుకొచ్చి దీపావళి దాటేదాకా ఉంచుకుంటావని అన్నయ్యే ఫోన్ చేసి చెప్పాడు. "నా కూతురి ఇల్లు" అని మాటిమాటికీ అంటుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆయనకు ఆయాసం. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇక్కడ అడవులు తగలబడే కాలం. నీ ఇల్లేమో సియెర్రా కొండల అంచున. జనవరికి మార్చమని చెబుదామనుకున్నాను కానీ, ఆయన సంబరం చూశాక నోరు రాలేదు. కాబట్టి ఇది శ్రద్ధగా చదువు.

తెలిసిన సంగతులు ముందు. ఫోన్‌లో గాలి ఎలా ఉందో చెప్పే ఎయిర్‌నౌ యాప్ పెట్టుకో, అందులో పొగ మ్యాప్ ఉంటుంది. ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, 100 దాటితే నాన్నకు బయట నడక వద్దు, 150 దాటితే మీరూ బయట తిరగడం తగ్గించాలి. ఎన్95 మాస్కులు ఇప్పుడే కొను, పొగ కమ్మాక షాపుల్లో దొరకవు. గుడ్డ మాస్కుతో లాభం లేదు. కారులో ఏసీని రీసర్క్యులేషన్‌లో, అంటే లోపలి గాలే తిరిగేలా పెట్టు.

ఇక కిటికీలు మూస్తే చాలనుకునేవు. మేమూ అలాగే అనుకున్నాం. 2018 నవంబరు 8, దీపావళి మర్నాడు, కార్తీకం మొదలైన రోజు. ఆ పొద్దున ప్యారడైజ్ అనే ఊరు అంటుకుంది, ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. అది మా ఊరు ఫ్రీమాంట్‌కు 200 కిలోమీటర్ల పైమాటే. అయినా ఆ పొగ మా వీధిలోకి వచ్చి దాదాపు రెండు వారాలు కదల్లేదు. బడులకు సెలవులిచ్చారు. మేం కిటికీలన్నీ బిగించి, తలుపుల కింద తడి తువ్వాళ్లు కుక్కాం. లోపల మా అత్తగారు పొద్దునా సాయంత్రం దీపాలు, అగరొత్తులు, ఆపైన సాంబ్రాణి. పిల్లలకు ఇంట్లో తోచట్లేదని నేను బాండీ దించకుండా పకోడీలు, గారెలు. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. అత్తగారికి దగ్గు పట్టుకుంటే అదంతా బయటి పొగ వల్లే అనుకున్నాం. పక్కింటి తెలుగబ్బాయి గాలిని కొలిచే చిన్న మీటరు తెచ్చి పూజగది గుమ్మంలో పెట్టాడు. సాంబ్రాణి వేసిన కాసేపటికి అంకె ఎరుపులోకి పోయింది, పెరట్లో పెడితే అంతకన్నా తక్కువ చూపించింది.

అప్పుడుగానీ మామయ్యకు, నాకు బోధపడలేదు. బిగించిన ఇంట్లో పుట్టిన పొగకు పోయే దారి ఉండదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోసినకొద్దీ, ఆ లోటు పూడ్చడానికి సందుల్లోంచి బయటి పొగ లోపలికి వస్తుంది. పీఎం 2.5 అనే ఆ నుసి తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది, తడి తువ్వాలు దాన్నేం ఆపుతుంది? ముక్కును కూడా నమ్మకు. నాలుగు రోజులు పీలిస్తే ఆ వాసనే తెలియదు. వాసన పోగొడతామని ఓజోన్ వదిలే యంత్రాలు అమ్ముతారు, వాటి జోలికి పోకు, ఓజోన్ ఊపిరితిత్తులకు చేటు.

అత్త ఇంత కంగారు పడుతోందేమిటని నవ్వుకోకు. మీ నానమ్మ పచ్చి తుమ్మకట్టెలు పొయ్యిలో పెట్టి ఊదుగొట్టంతో ఊదీ ఊదీ ఛాతీ పాడుచేసుకుంది. పడుకుంటే ఊపిరాడక రాత్రుళ్లు గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ పిల్లికూతలు వింటూ నేనూ మీ నాన్నా ఒకే చాపమీద మేలుకుని ఉండేవాళ్లం. ఉద్యోగం రాగానే ఆయన ఇంటికి చేర్చిన మొదటి వస్తువు గ్యాస్ పొయ్యి. అలాంటి మనిషి నీ ఇంట్లో ఊపిరికోసం అల్లాడకూడదు తల్లీ.

అందుకని ఇల్లంతా కాపాడాలని చూడకు, ఒక్క గది చూసుకో. బాత్రూమ్ ఆనుకుని ఉన్న గది నాన్నకివ్వు. అందులో హెపా ప్యూరిఫయర్, అంటే సన్న నుసిని కూడా పట్టే ఫిల్టరున్న గాలి శుద్ధి యంత్రం పెట్టు. దాని పెట్టె మీద పొగకు సీఏడీఆర్ అని, ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే అంకె ఉంటుంది, గది ఎన్ని చదరపు అడుగులో ఆ అంకె కనీసం అంత ఉండాలి. హాలుకు మాత్రం గాలిని వడకట్టే పెట్టె మనమే చేసుకుందాం: నాలుగు మెర్వ్ 13 రకం (సన్న నుసిని పట్టేవి) ఫిల్టర్లు నాలుగు గోడల్లా నిలబెట్టి, అడుగున అట్ట, పైన 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, సందులన్నిటికీ డక్ట్ టేప్. ఫిల్టర్ అంచున బాణం గుర్తు చూడు, అది పెట్టె లోపలివైపు ఉండాలి, ఫ్యాన్ గాలి పైకి పోవాలి. ఏసీ మనిషిని పిలిచి మీ సిస్టమ్ మెర్వ్ 13 ఫిల్టర్‌ను తట్టుకుంటుందో లేదో అడుగు. పొగ రోజుల్లో ఆ ఏసీ ఫ్యాన్‌ను ఆటోలో కాకుండా ఆన్‌లో ఉంచు.

మీ వైపు ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి వచ్చే డెల్టా గాలి చల్లగా వీస్తుంది, అందరూ కిటికీలు తెరుస్తారు. మ్యాప్ చూడకుండా తెరవకు. అలాగని ఏసీ లేకుండా బిగించుకుని కూర్చోవద్దు, ఆ వడ పొగకన్నా ముందు దెబ్బతీస్తుంది. కరెంటు పోతే సామాను సర్దుకుని మా ఇంటికి వచ్చేయండి, మా దగ్గరా పొగే ఉంటే గాలి బాగున్న ఊరు చూసుకుని అందరం అక్కడికి పోదాం.

నాన్న ఇన్హేలర్లు వచ్చేటప్పుడే సరిపడా తెమ్మను. ఆయాసం ఎక్కువైతే ఏది ఎంత వాడాలో అక్కడి డాక్టర్‌తో కాగితం మీద రాయించుకురమ్మను. మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, 911 చెయ్యి. దీపం, అగరొత్తుల దగ్గర ఆయన పట్టుబడతాడు. పొగ తగ్గేదాకా పువ్వు పెట్టి దండం పెట్టుకోమను, చెల్లి చెప్పిందని చెప్పు, వింటాడు.

టికెట్ తేదీ తెలియగానే చెప్పు. అంతకుముందు శనివారం మామయ్యా నేనూ వచ్చి ఆ గది సర్ది, పెట్టె కట్టి వెళ్తాం. ఫిల్టర్లు, ఫ్యాన్ తెచ్చి ఉంచు చాలు, టేప్ మా గరాజ్‌లో ఉంది.

మీ అత్త